కార్డ్‌లెస్ రెసిప్రొకేటింగ్ సా: మామిడి కొమ్మ కోసేముందు ఇవి చూసుకోండి

నమస్కారమండీ. నా చేతిలో ఉన్నది బ్యాటరీతో నడిచే రెసిప్రొకేటింగ్ సా, అంటే మిషన్ రంపం. కాయలు దించేశాం, ఇక తోటలో ఎండుకొమ్మలు, లోపలికి పెరిగిన కొమ్మలు తీసెయ్యాలి. చేతిరంపంతో భుజాలు పడిపోయే పని దీంతో తొందరగా తెములుతుంది. కాకపోతే ఈ బ్లేడు నిమిషానికి 3000 సార్ల దాకా ముందుకీ వెనక్కీ ఆడుతుంది, దాని చుట్టూ గార్డు ఏమీ ఉండదు. అందుకే కాస్త ఓపిగ్గా చూడండి.

బ్లేడు ముట్టుకునే ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. ట్రిగ్గర్ నొక్కుకోకుండా లాక్ బటన్ ఉంది కదా అని వదిలెయ్యొద్దు.

ఇప్పుడు బ్లేడుని పట్టి ఉంచే ఈ రింగుని, అంటే కాలర్‌ని, తిప్పి పట్టుకుని బ్లేడు తోక లోపలికి తోస్తున్నాను, కాలర్ వదిలేశాను. చూడండి, గట్టిగా లాగినా రావట్లేదు. ఈ లాగి చూడడం ప్రతిసారీ చెయ్యాల్సిందే.

పచ్చికొమ్మకి అంగుళానికి 5, 6 పళ్లున్న బ్లేడు కావాలి. మేకులున్న పాత చెక్కకైతే 10 పళ్ల బైమెటల్ (రెండు రకాల లోహాలు అతికి చేసిన) బ్లేడు, ఇనప పైపుకి 18. పొడవు కూడా ముఖ్యం. బ్లేడు వెనక్కి వచ్చినప్పుడు కూడా దాని కొస కొమ్మకి అవతల బయటే ఉండాలి. కొస లోపలికొచ్చి చెక్కని పొడిచిందంటే బ్లేడు వంగిపోతుంది, మిషన్ మీ మీదకి ఎగురుతుంది. 5 అంగుళాల కొమ్మకి నేను 9 అంగుళాల బ్లేడు వేస్తున్నాను.

కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. మామిడి సొన ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. మెడలో తువ్వాలు, చున్నీ ఉంటే తీసెయ్యండి. పైన కరెంటు తీగ ఉంటే ఆ కొమ్మ జోలికి అసలు వెళ్లొద్దు, లైన్‌మన్‌ని పిలవండి.

ఇప్పుడు అసలు సంగతి. బ్లేడు మొదట్లో ఈ ఇనప పాదం చూశారా, దీన్ని షూ అంటారు. ఇది కొమ్మకి ఆనుకునే ఉండాలి. ముందు షూ ఆనించి, తర్వాత ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. గాటు పడ్డాక స్పీడ్ పెంచండి. ఒక్కసారి షూ దూరం జరిపి చూపిస్తాను... చూశారా, కొమ్మంతా ఎలా ఊగిపోతోందో! బ్లేడు కొయ్యట్లేదు, కొమ్మనే పట్టుకుని ఆడిస్తోంది. మళ్లీ ఆనిస్తున్నాను. ఊగడం ఆగిపోయింది, పొట్టు రాలుతోంది. చాలామంది మిషన్ బాగా అదురుతోందని తిట్టుకుంటారు గానీ, ఎక్కువసార్లు కారణం ఇదే.

రెండు చేతులతోనే పట్టుకోండి. నిచ్చెనెక్కి ఒంటిచేత్తో కొయ్యడం మాత్రం వద్దండీ, దయచేసి.

పెద్ద కొమ్మని ఒకే గాటుతో కొయ్యకూడదు. బరువుకి వాలి బ్లేడుని నొక్కేస్తుంది, లేదా మొదలు దాకా బెరడు చీల్చుకుంటూ పడుతుంది. మొదలుకి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు కొయ్యండి. దానికి కొంచెం అవతలగా పైనుంచి కొయ్యండి. కొమ్మ పడిపోయాక, మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బుగా ఉన్న చోటు వదిలి నున్నగా తీసెయ్యండి. గాయం అక్కణ్ణుంచే పూడుకుంటుంది.

బ్లేడు ఇరుక్కుంటే లాగొద్దు. ట్రిగ్గర్ వదిలి, బ్యాటరీ తీసి, కొమ్మని పైకెత్తి విడిపించండి. పనయ్యాక బ్లేడు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. బ్యాటరీ తీసేసి, చల్లారాక సొన తుడిచి, అప్పుడే బ్లేడు విప్పండి.