బాత్ నీళ్లూ, పేదవాళ్ల పథ్యమూ

అందరికీ నమస్కారం. పోయినసారి నేను ఇక్కడ షుగర్ గురించి మాట్లాడుతుంటే ముందు వరసలో ఇద్దరు పెద్దలు హాయిగా కునుకు తీశారు. అందుకేనేమో, ఈసారి కార్యదర్శి గారు ఫోన్ చేసి, “డాక్టరు గారూ, జబ్బుల సంగతి కాకుండా ఏదైనా కథ చెప్పండి” అన్నారు. జబ్బు లేని కథలు నాకు రావు. కాబట్టి జబ్బున్న కథే చెబుతాను. కాకపోతే మన ఊళ్లది కాదు, ఇంగ్లండులో బాత్ అనే ఊరిది. మూడు వందల ఏళ్ల కిందటి మాట.

దానికి ముందు మా నాయనమ్మ గురించి ఒక్క ముక్క. చలికాలంలో ఆవిడకి మోకాళ్లు పట్టేసేవి. పెరట్లో కాగు పెట్టి, వావిలాకు వేసి నీళ్లు కాచేవాళ్లు. మా అత్తయ్య చెంబుతో ఆ నీళ్లు పోస్తూ, ఒళ్లు రుద్దుతూ, ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. స్నానం అయ్యాక నాయనమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచి వచ్చేది. గుణం ఆకులో ఉందా, వేడిలో ఉందా, నీళ్లలో ఉందా, మా అత్తయ్య కబుర్లలో ఉందా? ఇలా విడదీసి అడగాలని నాకు మెడికల్ కాలేజీలో చేరాకే తట్టింది. బాత్ ఊరి కథంతా ఈ ప్రశ్నే.

అక్కడ నేల లోంచి రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా వేడినీళ్లు ఉబికి వస్తాయి. వేడి దాదాపు 46 డిగ్రీలు. పక్కన మెండిప్ అనే కొండల మీద కురిసిన వాన సున్నపురాతిలో ఇంకి, కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, రాతి పగులు వెంట పైకి వస్తుంది. భద్రాచలం దగ్గర గుండాల చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. అలాంటిదే, కాకపోతే చాలా పెద్దది. రోమన్లు వచ్చి అక్కడ గుడీ, స్నానశాలలూ కట్టారు. తమ వస్తువు ఎవడైనా కొట్టేస్తే ఆ దొంగకు కాళ్లూ చేతులూ పడిపోవాలని సీసపు రేకుల మీద అమ్మవారికి శాపనార్థాలు రాసి ఆ బుగ్గలో వేసేవాళ్లు. అలాంటివి 130 దాకా దొరికాయి. సీసం అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రోమన్లు వెళ్లిపోయారు, కట్టడాలు మట్టిలో పూడిపోయాయి, నీళ్లు మాత్రం ఆగలేదు. 1668 జూన్‌లో శామ్యూల్ పీప్స్ అనే లండన్ ఉద్యోగి అక్కడికి వెళ్లాడు. రోజూ డైరీ రాసే అలవాటున్న మనిషి కాబట్టి మనకు తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, జనం రాకముందే నీళ్లలో దిగాడు. కాసేపటికి అందరూ వచ్చారు. ఇన్ని ఒళ్లు ఒకే నీళ్లలో దిగితే శుభ్రంగా ఎలా ఉంటుందని డైరీలో అనుమానపడ్డాడు. అలా అనుకుంటూనే రెండు గంటలకు పైగా అందులోనే ఉన్నాడు! తర్వాత దుప్పటి చుట్టి, కుర్చీ పల్లకీలో బసకు మోసుకెళ్లి పడుకోబెడితే, ఇంకో గంట చెమట పట్టించుకున్నాడు. పుష్కరాల రేవులో ముక్కు మూసుకుని మూడు మునకలు వేసే మనకు ఈ మనిషి కొత్తవాడేమీ కాదు.

ఆ శతాబ్దం చివర్లో ఆడవాళ్లు పసుపుపచ్చటి మందపాటి కాన్వాస్ గౌనులు తొడుక్కుని దిగేవాళ్లు. గుడ్డ బిరుసు, చేతులు వెడల్పు. నీళ్లు నిండి గౌను ఉబ్బిపోతుంది కాబట్టి ఒంటి ఆకారం కనబడదు. పక్కన చిన్న చెక్క గిన్నె తేలుతుంటుంది, అందులో చేతిరుమాలు, పూలగుత్తి, ముక్కుపొడుం డబ్బీ. పై కిటికీల్లోంచి చూసేవాళ్లు చూస్తుంటారు. ఇక 18వ శతాబ్దంలో ఆ ఊరి కట్టడాలు గీసిన జాన్ వుడ్ రాసిన మాట: అంతకుముందు రోజుల్లో ఆకతాయిలు కుక్కల్నీ, పిల్లుల్నీ, పందుల్నీ, ఒక్కోసారి మనుషుల్నీ కూడా పైనుంచి ఆ నీళ్లలోకి విసిరేసేవాళ్లట.

పిల్లలు లేనివాళ్లకూ ఈ నీళ్లు మంచివని నమ్మకం. 1687లో రెండో జేమ్స్ రాజు భార్య, రాణి మేరీ, అక్కడ స్నానాలు చేసి వెళ్లింది. 1688 జూన్‌లో కొడుకు పుట్టాడు. క్యాథలిక్ వారసుడు పుట్టాడని ప్రొటెస్టెంట్ ప్రముఖులకు టెన్షన్ పట్టుకుంది. బిడ్డ రాణికి పుట్టలేదు, పక్క వెచ్చబెట్టే పాత్రలో దాచి తెచ్చారని పుకారు లేవదీశారు. ఆ ఏడాది ముగిసేలోపు రాజు దేశం విడిచి పారిపోయాడు. నీళ్ల మహిమ అంటే ఇదీ అని నేను సరదాకి అంటుంటాను.

1702లోనూ, మరుసటి ఏడు మళ్లీ, ఆన్ రాణి వచ్చింది. ఆవిడకు కీళ్ల బాధ. రాణి వచ్చాక దొరలు రాకుండా ఉంటారా? ఊరు మారిపోయింది. బో నాష్ అనే జూదరి అక్కడ వేడుకల పెద్దగా కుదిరి, 1761లో చనిపోయేదాకా దాదాపు అయిదున్నర దశాబ్దాలు ఆ ఊరిని ఏలాడు. కత్తులు కట్టుకుని తిరగకూడదన్నాడు. పల్లకీ మోసేవాళ్ల కూలికి రేటు కట్టాడు. రాత్రి పదకొండు కొట్టగానే నాట్యం ఆగాలన్నాడు, రాజకుమార్తె అడిగినా సరే. పొద్దున్నే స్నానం, ఆ తర్వాత బుగ్గ నీళ్లు తాగడానికి కట్టిన పంప్ రూములో సంగీతం వింటూ మూడు గ్లాసుల వేడినీళ్లు, ఫలహారం, చర్చి, షికారు, భోజనం, సాయంత్రం నాట్యం, పేకాట. ఇది రోగి దినచర్య!

వచ్చినవాళ్లలో చాలామందికి గౌట్. మన వైద్యులు వాతరక్తం అనేది. బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత నొప్పి. తర్వాత ప్రధానమంత్రి అయిన పెద్ద విలియం పిట్ ఈ గౌట్‌తోనే బాత్ చుట్టూ తిరిగి, చివరికి ఆ ఊరి ఎంపీ కూడా అయ్యాడు. డాక్టర్ జార్జ్ చేనీ అని అక్కడ పేరున్న వైద్యుడు, ఒక దశలో ఆయన బరువే 200 కిలోలు. పాలూ కూరగాయల మీదకు మారి తాను తగ్గాడు, రోగులకూ అదే చెప్పాడు. ఎంతమంది విన్నారో ఊహించుకోండి. 1799లో రచయిత్రి జేన్ ఆస్టిన్ అన్నగారు ఎడ్వర్డ్ వచ్చాడు. ఆవిడ అక్కగారికి రాసిన ఉత్తరంలో ఉంది: అన్నయ్య నీళ్లు తాగుతున్నాడు, రేపు స్నానం, మంగళవారం కరెంటు వైద్యం. మన దగ్గర కూడా ఒకే వారంలో అల్లోపతీ, హోమియో, పసరు మందూ వాడి, ఏది పనిచేసిందో చెప్పలేనివాళ్లు నా దగ్గరకు రోజూ వచ్చేవాళ్లు.

మనకు తెలిసిన పేరు ఇంకొకటి ఉంది, రాబర్ట్ క్లైవ్. మద్రాసులో గుమాస్తాగా మొదలై, 1765లో మన ఉత్తర సర్కారులను కంపెనీకి రాయించుకున్న మనిషి. కడుపునొప్పికి నల్లమందు మింగుతూ, ఇంగ్లండు వెళ్లాక ఈ నీళ్లనూ ఆశ్రయించాడు. తూర్పు దేశాల్లో డబ్బు చేసుకుని, ఒళ్లు పాడుచేసుకుని తిరిగొచ్చిన కంపెనీ వాళ్లకి బాత్ మామూలు మజిలీ. మన శిస్తు డబ్బులో కొంత ఆ పంప్ రూములో కరిగిందన్నమాట.

ఇంతవరకూ చెప్పింది వేడుక. నేను అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు.

దొరల వెనకే బిచ్చగాళ్లూ, నిజమైన పేద రోగులూ ఆ ఊరికి చేరారు. వాళ్ల కోసం ఒక ఆసుపత్రి కట్టాలని చందాలు పోగుచేశారు. నాష్ జూదశాలల్లో తిరిగి డబ్బు వసూలు చేశాడు, రాల్ఫ్ అలెన్ అనే గనుల యజమాని రాయి ఇచ్చాడు, జాన్ వుడ్ నమూనా గీశాడు. 1742లో మొదటి రోగులు చేరారు. నియమాలు చూడండి. బాత్ ఊరివాళ్లకు ప్రవేశం లేదు, వాళ్లకు స్నానాలు ఎలాగూ అందుబాటులోనే ఉన్నాయి. పై ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ముందే అక్కడి వైద్యుడితో జబ్బు వివరం రాయించి పంపాలి. మంచం ఖాళీ అయ్యాక పిలుపు వస్తుంది. వచ్చేటప్పుడు మూడు పౌండ్లు డిపాజిట్ కట్టాలి. ఎందుకంటారా? బాగైతే ఇంటికి దారి ఖర్చు, పోతే పాతిపెట్టే ఖర్చు. ఇంత సూటిగా రాసుకున్న ఆసుపత్రిని నేను ఇంకెక్కడా చూడలేదు.

చేరిన ప్రతి రోగికీ ఇత్తడి బిళ్ల తగిలించేవాళ్లు. ఊళ్లో సారాకొట్టు వాడు ఆ బిళ్ల చూసి పోయడానికి నిరాకరించాలి. ఆసుపత్రి తిండే తినాలి. నెలల తరబడి ఉండాలి. గొంతు దాకా నీళ్లలో కూర్చోవాలి, చెప్పిన కొలత ప్రకారం నీళ్లు తాగాలి. వెళ్లేటప్పుడు ఎవరికి బాగైంది, ఎవరికి మెరుగైంది, ఎవరికి గుణం కనబడలేదు, ఎవరు చనిపోయారు అని లెక్క రాసేవాళ్లు. అక్కడి వైద్యుడు విలియం ఆలివర్, సర్జన్ పియర్స్ ముగ్గురు రోగులను పరీక్షిస్తున్న బొమ్మను 1761లో విలియం హోర్ వేశాడు. ఒకరికి పక్షవాతం, ఒకరికి కీళ్లవాతం, ఒకరికి కుష్ఠు. కుష్ఠు అంటే ఆ రోజుల్లో చాలా చర్మవ్యాధులకు అదే పేరు.

ఆ లెక్కల్లో ఒక విచిత్రం ఉంది. పక్షవాతం అని చేరినవాళ్లలో చాలామందికి గుణం కనిపించింది. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం వేడినీళ్లకు తగ్గదు. మరి వీళ్లెవరు? రంగులు వేసేవాళ్లు, గొట్టాలు అతికేవాళ్లు, కుండలకు మెరుగు పూసేవాళ్లు. చేతిలో సీసం ఆడని రోజు లేనివాళ్లు. సీసం ఒంట్లో చేరితే కడుపు మెలిపెట్టి నొప్పి వస్తుంది, ఆ తర్వాత మణికట్టు కిందికి వాలిపోతుంది, చెయ్యి లేవదు. డెవన్ ప్రాంతంలో ఆపిల్ సారా తాగే పల్లెజనానికీ ఇదే వచ్చేది. ఆపిల్ పిండే గానుగల్లో సీసం వాడతారు, రోగం అందువల్లేనని 1767లో డాక్టర్ జార్జ్ బేకర్ నిరూపించాడు. ఆయనా డెవన్ వాడే. సొంత ఊరివాళ్లే తిట్టిపోశారు.

సరే, నీళ్లు సీసాన్ని ఏం చేస్తాయి? 1980ల్లో బ్రిస్టల్ డాక్టర్లు దీన్ని పరీక్షించి చూశారు. మనిషి గొంతు దాకా నీళ్లలో కూర్చుంటే, నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం గుండె వైపు వస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె అనుకుంటుంది, కిడ్నీలు మూత్రాన్ని పెంచుతాయి. దాంతో ఉప్పూ పోతుంది, సీసమూ ఎక్కువ పోతుంది. వ్యోమగాముల మీద బరువు లేకపోవడం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి కూడా మనుషులను ఇలాగే నీళ్లలో కూర్చోబెట్టి చూశారు. పైగా బాత్ నీళ్లలో కాల్షియం, ఇనుము ఉన్నాయి. అవి తాగితే పేగుల్లోంచి ఒంటికి పట్టే సీసం తగ్గుతుంది. అంటే గుణం చాలావరకు లోతులో ఉంది, కూర్చున్న గంటల్లో ఉంది. పవిత్రమైన బుగ్గ కాకపోయినా, మన ఊరి చెరువులో గొంతు దాకా దిగినా కిడ్నీలు అదే పని చేస్తాయి.

ఇప్పుడు దొరల సంగతి చూడండి. వాళ్లకూ సీసం తక్కువేం లేదు. సీసం కలిసిన పోర్ట్ వైను గౌట్‌ను పెంచుతుంది. వాళ్లు పొద్దున స్నానం చేసి, సాయంత్రం మళ్లీ అదే సీసా తెరిచేవాళ్లు. ఒక నెల ఉండి, బిల్లు కట్టి, గౌట్‌తోనే ఇంటికి పోయేవాళ్లు. మూడు పౌండ్లు కట్టిన కుండల పనివాడికి మాత్రం పని లేదు, సీసం లేదు, సారా లేదు, ఆర్నెల్లు నీళ్లు. వాడికి తెలియకుండానే పూర్తి పథ్యం జరిగింది. మందు ఇద్దరికీ ఒకటే.

ఆ ఆసుపత్రి కీళ్లవాతానికి పేరు మోసి, 2019 దాకా అదే భవనంలో నడిచింది. స్నానాలకు మాత్రం 1978లో తాళం పడింది. ఆ నీళ్లలో ఈదిన ఒక అమ్మాయి అమీబా వల్ల మెదడువాపు వచ్చి చనిపోయింది. కొత్త బోర్లు వేసి శుభ్రం చేసి, 2006లో మళ్లీ తెరిచారు. పీప్స్ అనుమానం మరీ తప్పేం కాదు.

నన్ను వదలని సంగతి ఒకటి ఉంది. చెయ్యి లేచిన ఆ రంగుల పనివాడు డిపాజిట్‌లో దారి ఖర్చు తీసుకుని ఇంటికి వెళ్లాడు కదా, మర్నాడు ఏం చేసి ఉంటాడు? వాడికి వచ్చిన పని అదొక్కటే. సీసపు తెల్లరంగు డబ్బా మూత తీసి, బాగైన ఆ చేత్తోనే కుంచె పట్టుకుని ఉంటాడు.

ప్రశ్నలుంటే అడగండి. సొంత మోకాళ్ల గురించి మాత్రం టీ దగ్గర మాట్లాడుకుందాం.