కొత్త కారు పెయింట్ మీద నారింజ తొక్క: గీయించాలా, వదిలేయాలా?

[దృశ్యం: భీమవరం శివార్లు, కాలువ గట్టు, ఉదయపు ఎండ. నల్ల కారు తలుపులో కొబ్బరి చెట్టు ప్రతిబింబం. కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్తుంది.]

వ్యాఖ్య: ఈ తలుపులో కొబ్బరి చెట్టు నీడ చూడండి. బయట చెట్టు నిటారుగానే ఉంది, తలుపులో మాత్రం దాని అంచులు వంకర్లు పోతున్నాయి. కారు కొత్తది. సొట్ట లేదు, గీత లేదు. చేత్తో రాస్తే నున్నగానే తగులుతుంది. కానీ వెలుతురు ఏటవాలుగా పడితే పైనంతా సన్నసన్న ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. పెయింటర్లు దీన్ని ఆరెంజ్ పీల్ అంటారు, నారింజ తొక్క అన్నమాట.

కారు కొన్న వాళ్లకి ఇది కంటపడిందంటే మొదట వచ్చే టెన్షన్ ఒకటే. "ఏమండీ, నాకు రీపెయింట్ చేసిన బండి అంటగట్టారా?"

చాలాసార్లు కాదండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే దాదాపు ప్రతి కారు మీదా ఇది ఎంతోకొంత ఉంటుంది. ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే దీన్ని ఎంతవరకు ముట్టుకోవచ్చో కూడా తెలుస్తుంది.

[దృశ్యం: పెయింట్ పొరల బొమ్మ. కింద ఇనుప రేకు, పైన ఒక్కో పొర ఒక్కో రంగులో.]

వ్యాఖ్య: రేకు మీద ముందుగా తుప్పు పట్టకుండా ఈ-కోట్ వేస్తారు. దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మనం జిరాక్స్‌కి వాడే ఏ4 కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే మీ కారు పెయింట్ మొత్తం ఒక కాగితమంత. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. మనం మాట్లాడుకునే ఎత్తుపల్లాలు ఆ పై పొరలోనే కనిపిస్తాయి. వాటిని గీయడమంటే, అంటే అరగదీసి చదును చేయడమంటే, ఆ పొరని ఖర్చు చేయడమే.

[దృశ్యం: రోబో చెయ్యి, గిర్రున తిరిగే గంట ఆకారపు మూతి, దాని నుంచి తుంపర.]

వ్యాఖ్య: ఫ్యాక్టరీలో రోబో చివర గంట ఆకారంలో ఉండే మూతి నిమిషానికి వేల సార్లు తిరుగుతూ పెయింట్‌ని సన్నటి తుంపరగా చేస్తుంది. ఆ చుక్కలు రేకు మీద పడి, ఒకదానిలో ఒకటి కలిసి, పరుచుకుని చదును కావాలి. దానికి కాస్త టైమ్ కావాలి. చుక్కలు పెద్దవైనా, పెయింట్ చిక్కగా ఉన్నా, అందులోని ద్రావకం త్వరగా ఆవిరైపోయినా పూర్తిగా చదునయ్యేలోపే బిగుసుకుంటుంది. తర్వాత సుమారు 140 డిగ్రీల ఓవెన్‌లో కాలి, ఆ అలలు అలాగే నిలిచిపోతాయి.

బానెట్ కంటే తలుపుల మీద తొక్క ఎక్కువ కనిపించడానికీ కారణం ఉంది. బానెట్ పడుకుని ఉంటుంది, పెయింట్ నిదానంగా పరుచుకుంటుంది. తలుపు నిలబడి ఉంటుంది. అక్కడ ఎక్కువ తడిగా కొడితే కిందికి కారిపోతుంది. కారిన మరక కంటే కొంచెం తొక్క నయమని కంపెనీలు ఒక హద్దు పెట్టుకుని వదిలేస్తాయి. ఆ హద్దుని కొలిచే పరికరాలు కూడా ఉన్నాయి. రెండు మూడు మీటర్ల దూరం నుంచి కనిపించే పెద్ద అలల్నీ, దగ్గరికొస్తే కనిపించే చిన్న అలల్నీ విడివిడిగా లెక్కగడతాయి. తెలుపు, సిల్వర్ రంగుల్లో ఇది కంటికి ఆనదు. నలుపు మాత్రం ఏదీ దాచదు.

[దృశ్యం: రైస్ మిల్లు పొగగొట్టం. కారు బానెట్ మీద నల్లటి నలుసులు. పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కున్న చెయ్యి బానెట్ మీద జరుగుతుంది.]

వ్యాఖ్య: మన ప్రాంతంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. తణుకు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల రైస్ మిల్లుల దగ్గర బండి పెడితే ఊక బూడిద పడుతుంది. ఇటుక బట్టీల దుమ్ము ఉండనే ఉంది. చెరువుల పక్క ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మరకలు పడతాయి. ఇవన్నీ కూడా పెయింట్‌ని గరుకుగా చూపిస్తాయి, కానీ ఇవి తొక్క కావు.

తేడా తెలుసుకోవడం తేలిక. బండి శుభ్రంగా కడిగి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద మెల్లగా నిమరండి. ఇసుకలా తగిలితే అది పైన అంటుకున్న మురికి. క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకుని లాగేసే మెత్తటి మట్టి ముద్దలాంటి దానితో, తగినంత తడి చేసుకుని తీస్తే పోతుంది. నున్నగా తగులుతూ నీడలు మాత్రం వంకరగా ఉంటే అదే ఆరెంజ్ పీల్. బోరు నీళ్లు తప్పనిసరైతే చివరి కడుగు మాత్రం ఇంటికి తెచ్చుకునే వాటర్ టిన్నులోని నీళ్లతో కానిచ్చి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఈ చిన్న అలవాటు పెయింట్‌కి చేసే మేలు చాలా ఎక్కువ.

[దృశ్యం: డీటెయిలింగ్ షాపు, అంటే కార్లకి పాలిష్, కోటింగ్ చేసే చోటు. కస్టమర్, షాపతను కారు పక్కన.]

కస్టమర్: తమ్ముడూ, పెయింట్ మీద రక్షణకి వేసే ఆ సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఈ తొక్క కనపడకుండా పోతుందా?

షాపతను: పోదన్నా. కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లే. పల్లాల్ని నింపదు. మెరుపు పెరిగితే తొక్క ఇంకా బాగా తెలుస్తుంది కూడా.

వ్యాఖ్య: ఈ తమ్ముడు నిజం చెప్పాడు. మామూలు పాలిష్ కూడా తొక్కని తీయదు. మెత్తటి ప్యాడ్ ఎత్తుల మీదా పల్లాల మీదా ఒకేలా తిరుగుతుంది. సన్న గీతలు పోతాయి, అలలు ఉంటాయి. తొక్క తగ్గాలంటే సాండింగ్ ఒక్కటే దారి, అంటే నీటి కాగితంతో ఎత్తుల్ని అరగదీయడం.

[దృశ్యం: తలుపు మీద అడుగు చదరం, చుట్టూ మాస్కింగ్ టేప్. పెయింట్ మందం కొలిచే మీటర్.]

వ్యాఖ్య: పని తెలిసిన వాళ్లు ముందు మీటర్‌తో ప్యానెల్ (తలుపు, బానెట్ లాంటి ఒక్కో భాగం) అంతటా కొలతలు రాసుకుంటారు. ఈ మీటర్ మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. మామూలు మీటర్లు ప్లాస్టిక్ బంపర్ మీద పని చేయవు. కాబట్టి బంపర్ మీద ఎవరైనా సాండింగ్ చేస్తామంటే వద్దనండి. తలుపు అంచులు, బాడీ లైన్ల (రేకు మడతలా తేలి కనిపించే గీతల) దగ్గర పొర పల్చగా ఉంటుంది, అక్కడ టేప్ వేసి వదిలేయాలి.

కాగితం వెనక ఏముందన్నది చాలామంది పట్టించుకోని విషయం. బాగా మెత్తటి ఫోమ్ పెడితే అది అలతో పాటే వంగుతుంది. క్లియర్ కోట్ అరుగుతుంది, తొక్క అలాగే ఉంటుంది. రెండు వైపులా నష్టమే. కాస్త గట్టిగా ఉండే బ్లాక్ అయితే ఎత్తుల్ని మాత్రమే తాకుతుంది. 2000 లేదా 3000 నంబర్ కాగితం, రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు, తక్కువ ఒత్తిడి.

[దృశ్యం: దగ్గరి షాట్. గీసిన చోట మసకగా, మధ్యలో మెరిసే చుక్కలు.]

వ్యాఖ్య: ఇక్కడ ఆగి చూడండి. మసకబారినవి అరిగిన ఎత్తులు. మెరుస్తున్న చుక్కలు కాగితం ఇంకా తాకని పల్లాలు. ఆ చుక్కలు కొన్ని మిగిలి ఉండగానే చెయ్యి ఆపాలి. చివరి చుక్క పోయేదాకా గీస్తే అద్దంలా అవుతుంది, నిజమే. కానీ ఎండని అడ్డుకునే పొర అంత తగ్గిపోతుంది. క్లియర్ కోట్‌లో అతినీలలోహిత కిరణాల్ని ఆపే రసాయనాలు ఉంటాయి. పొర పల్చబడితే ఆ రక్షణా తగ్గుతుంది. మన ఎండలకి ముందు దెబ్బతినేవి టాపు, బానెట్. తెల్లగా పాలిపోయి పొరలు పొరలుగా లేస్తే ఇక పాలిష్‌తో బాగయ్యేది కాదు, రీపెయింటే గతి.

తర్వాత కాంపౌండ్, అంటే కాగితం గీతల్ని పోగొట్టే ముతక పాలిష్, ఆపైన సన్నటి పాలిష్. మళ్లీ మీటర్‌తో కొలిచి, ఎన్ని మైక్రాన్లు పోయాయో మీకు చూపించాలి. చూపించని షాపులో ఈ పని చేయించకండి.

నన్నడిగితే, రోజూ ఎండలో నిలిచే కారుకి ఫ్యాక్టరీ తొక్కని వదిలేయడమే మంచిది. మరీ కళ్లకి గుచ్చుకునే ఒకటి రెండు ప్యానెళ్లు ఉంటే అక్కడ సగానికి తగ్గించుకోండి, చాలు. కారంతా గీయించడం నాకు ఇష్టం లేదు. ఒకేలా పరుచుకున్న ఆ సన్నటి తొక్క, పెయింట్ ఒరిజినల్ అనడానికి మంచి గుర్తు. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు చూసేదీ అదే.

[దృశ్యం: ఒకే కారు రెండు తలుపులు పక్కపక్కన. ఒకదాని మీద సన్న అలలు, రెండోదాని మీద ముతక అలలు.]

వ్యాఖ్య: అనుమానించాల్సింది తేడాని. మూడు తలుపులు ఒకలా ఉండి నాలుగోది మరీ నున్నగానో, మరీ ముతకగానో ఉంటే ఆ ఒక్కటీ మళ్లీ వేసిన పెయింట్ కావచ్చు. మీటర్ మిగతా చోట్ల 120 చూపించి అక్కడ 200 దాటితే అనుమానం బలపడుతుంది. బంపర్‌ని మాత్రం ఈ లెక్కలోకి తీసుకోకండి. దానికి చాలాసార్లు విడిగా పెయింట్ వేస్తారు, కాబట్టి కాస్త తేడా మామూలే.

ముహూర్తం వేళకి షోరూమ్ లైట్ల కింద, కొబ్బరికాయ కొట్టే హడావుడిలో ఇవేవీ కనపడవు. రిజిస్ట్రేషన్‌కి ముందే ఒక పగలు యార్డుకి వెళ్లి, బండిని కడిగించి, ఎండలో నిలబెట్టి, ఒక్కో ప్యానెల్‌నీ పక్క నుంచి ఏటవాలుగా చూడండి. తేడా కనపడితే ఫొటోలు తీసి, మీటర్ కొలత అడిగి, ఆ ప్యానెల్ సంగతి షోరూమ్ వాళ్ల చేత రాయించుకుని, అప్పుడే మిగతా డబ్బు కట్టండి.