సాయం ఎక్కడ ఆపాలి?

(మూడు నుంచి ఆరేళ్ల పిల్లల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మూడేళ్ల పాప మంచినీళ్లు అడుగుతుంది. మనం లేచి గ్లాసులో పోసి, నోటిదాకా పట్టుకుని తాగించి, మూతి తుడుస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ ఆ ఒక్క నిమిషంలో పాప చేసుకోగలిగిన పనులు నాలుగు మన చేతుల్లోకి వచ్చేశాయి. గ్లాసు తెచ్చుకోవడం, పోసుకోవడం, పట్టుకుని తాగడం, ఒలికితే తుడవడం. సొంతంగా నిలబడడం, మంచి నడత అని మనం పెద్ద మాటలుగా చెప్పుకునేవి ఈ వయసులో ఇలాంటి పనుల్లోంచే మొదలవుతాయి. అందుకే ఇవాళ ఉపదేశాలకంటే నీళ్లు, గ్లాసులు, బొత్తాల గురించే ఎక్కువగా మాట్లాడుకుందాం.

1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త డాక్టర్ మరియా మాంటిస్సోరి ‘పిల్లల ఇల్లు’ అనే బడి తెరిచారు. కూలిపనులకు పోయే తల్లిదండ్రుల పిల్లలు అక్కడికి వచ్చేవారు. ఒక చిన్న పాప చెక్కదిమ్మలోని సిలిండర్లను తీస్తూ, మళ్లీ అమరుస్తూ, అదే పని నలభైకి పైగా సార్లు చేయడం ఆమె చూశారు. చుట్టూ మిగతా పిల్లల చేత పాటలు పాడించారు. పాపను కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టారు. పాప ఆపలేదు. చివరికి తనంతట తనే ఆపి, హాయిగా నిద్రలేచినట్టు చుట్టూ చూసింది. బుద్ధిగా కూర్చోమని చెప్పినవాళ్లు ఎవరూ లేరు. చేతికి తగిన పని దొరికింది, అంతే.

ఆ దిమ్మ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అలాంటివి నాలుగుంటాయి, ఒక్కోదానిలో పది సిలిండర్లు, వాటికి సరిపడే పది గుంటలు. లావుపాటి గుంటలో సన్నటి సిలిండర్ పెట్టినా అప్పటికి దిగిపోతుంది. తప్పు చివర్లో బయటపడుతుంది. చేతిలో ఒకటి మిగులుతుంది, ఖాళీగా ఉన్న గుంటలో అది పట్టదు. పిల్లవాడు ఆగి, వెనక్కి చూసి, ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కుంటాడు. సరిగ్గా అప్పుడే పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ‘కాదు నాన్నా, అది ఇక్కడ’ అంటారు. మూడో సిలిండర్ దగ్గరే అన్నా అంతే నష్టం. తప్పును వస్తువే చెబితే పిల్లలు సరిచేసుకుంటారు. అదే తప్పును మనిషి చెబితే, ఆ తర్వాత ప్రతిసారీ మన ముఖం వైపు చూడడం అలవాటవుతుంది.

మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంతకు చాలా ముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా బాలమందిరం పెట్టి మాంటిస్సోరి పద్ధతిని మన కథలతో, పాటలతో కలిపి నడిపారు. చెక్క సామాను ఖరీదైనదే. కానీ మొదటి ఏడాదికి కావలసింది చాలావరకు మన వంటింట్లోనే ఉంది.

నీళ్లు పోయడమే తీసుకుందాం. నీళ్లతో మొదలుపెట్టకండి. మొదట రాజ్మా గింజలో శనగలో, అంటే పెద్ద గింజలు తీసుకోండి. అంచున్న పళ్లెంలో ఒకే కొలత గల చిన్న పాత్రలు రెండు పెట్టి, ఒకదాన్ని సగం వరకే నింపండి. వారం, పది రోజులకు చెయ్యి కుదురుకున్నాక బియ్యం, ఆ తర్వాత నీళ్లు. పాత్ర 200 మిల్లీలీటర్లు మించకూడదు. నీళ్లు సగానికి మించకూడదు. అంచు గుండ్రంగా ఉన్న చెంబుతో వంపితే నీళ్లు చెంబు పొట్టమీదుగా కారిపోతాయి. తప్పు పిల్లల చేతిదని మనం అనుకుంటాం, నిజానికి అది పాత్రది. వంచడానికి ముక్కులాంటి వంపు ఉన్న పాత్ర వెతకండి. తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసు వద్దు, చెయ్యి తగిలితే దొర్లిపోతుంది. కాస్త బరువున్న స్టీలు గ్లాసు నయం. పళ్లెంలోనే చిన్న గుడ్డ ముక్క తప్పకుండా ఉంచండి.

ఇక చూపించడం. పిల్లకు కుడిపక్కన కూర్చోండి. పాత్ర పట్టుకోవడం, ఎత్తడం, ఒక్క క్షణం ఆగడం, వంచడం, చివరి చుక్క పడేదాకా ఉండడం, దించడం, గుడ్డతో తుడవడం. అన్నీ మామూలుకంటే నెమ్మదిగా చేయండి. చేసేటప్పుడు మాట్లాడకండి. మాట్లాడితే పిల్ల చూపు మన చేతుల మీంచి మూతి మీదికి పోతుంది. ఒకసారి చూపించి, పళ్లెం ఆమె ముందుకు జరిపి, మన చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఒలికితే ‘అయ్యో’ అనకండి. గుడ్డ ఉంది కదా.

చొక్కా బొత్తాలూ అంతే. 2 సెంటీమీటర్ల బొత్తాలున్న పాత చొక్కాను బల్లమీద పరిచి నేర్పండి. ఒంటిమీద ఉన్నప్పుడు కింది బొత్తంతో మొదలుపెడితే రెండు అంచులూ కళ్లెదుటే కలుస్తాయి. వంకర వస్తే చొక్కానే చెబుతుంది. ఆదివారం తీరిగ్గా నేర్పాలిగానీ స్కూలు ఆటో వీధిలో హారన్ కొడుతున్నప్పుడు కాదు. ఆ తొందరలో మనమే బొత్తాలు పెట్టేస్తాం, అది తప్పదు కూడా.

అక్షరాల గురించి ఒక్క మాట. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాన్ని రెండు వేళ్లతో, రాసే దిశలోనే దిద్దించండి. అ, ఆ పక్కపక్కనే చూపిస్తే పిల్లలు తికమకపడతారు, తేడా అంత చిన్నది. మ, వ కూడా అంతే. రూపంలోనూ శబ్దంలోనూ దూరంగా ఉన్న గ, ట, మ లాంటివి మూడు తీసుకోండి. ‘ఇది గ’ అని చెప్పడం మొదటి మెట్టు. ‘గ ఏది? ట నాకివ్వు’ అని అడగడం రెండోది. ఎక్కువసేపు ఇక్కడే ఆడుకోవాలి. ‘ఇదేమిటి?’ అన్న ప్రశ్న చివర్లోనే. తడబడితే తప్పని చెప్పకుండా పక్కన పెట్టి, మరోరోజు మొదటి మెట్టు నుంచి రండి.

ఇక నడత సంగతికి వద్దాం. మాంటిస్సోరి తరగతిలో ప్రతి పరికరం ఒక్కటే ఉంటుంది. ముప్పైమంది పిల్లలున్నా ఒక్కటే. డబ్బు లేక కాదు. వేరొకరి చేతిలో ఉంటే ఆగాలి, అయిపోయాక దాన్ని దాని చోట పెట్టాలి, అప్పుడే రెండోవాళ్లకు అందుతుంది. రోజుకు పదిసార్లు ఇలా ఆగిన పిల్లకు ఓర్పు గురించి నీతికథ చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ‘పెద్దవాడివి కదా, తమ్ముడు ఏడుస్తున్నాడు, ఇచ్చెయ్యి’ అంటాం. తన పనికి విలువ లేదని పెద్దవాడికి అర్థమవుతుంది. ఏడిస్తే వస్తుందని చిన్నవాడికి అర్థమవుతుంది. దానికి బదులు ‘అన్నయ్య పని అయ్యాక నీకిస్తాడు, అందాకా ఇక్కడ కూర్చుని చూడు’ అనండి. మొదటి రెండు మూడు రోజులు ఏడుపు పెరుగుతుంది. ఆ రోజులు గట్టిగా నిలబడాలి.

మర్యాదలు కూడా నీళ్లు పోయడంలాగే చేసి చూపాలి. మాట్లాడుతున్న వాళ్ల భుజం మీద చెయ్యి వేసి ఆగడం, పరిచిన చాపను తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లడం, తలుపు చప్పుడు కాకుండా వెయ్యడం. తప్పు చేసిన క్షణంలో, నలుగురిలో నేర్పబోతే పిల్లలకు మర్యాద గుర్తుండదు, సిగ్గు గుర్తుంటుంది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని సామెత చెప్పి చిన్నప్పుడే వంచాలంటారు. మొక్కను చేత్తో వంచే తోటమాలి ఎక్కడా కనబడడు. పాదు చేస్తాడు, నీళ్లు పెడతాడు, మేకలు రాకుండా కంచె కడతాడు. ఆ కంచె పిల్లలకూ కావాలి. ఇతరులను కొట్టడం, వస్తువును పగలగొట్టడం, సాటివాళ్ల పని చెడగొట్టడం, ఈ మూడింట్లో వెంటనే అడ్డుపడాలి. స్వేచ్ఛ అంటే ఇష్టం వచ్చినట్టు వదిలేయడమని ఈ పద్ధతిని నిందించేవాళ్లు ఈ కంచెను చూడరు.

ఎంపిక ఇచ్చేటప్పుడూ జాగ్రత్త కావాలి. ‘ఏ గౌను వేసుకుంటావు?’ అని బీరువా తెరిస్తే పాప తేల్చుకోలేదు. రెండు గౌన్లు చూపించి అడగండి. ఎంపిక లేనిచోట అడగనే అడగకండి. ‘స్నానం చేద్దామా?’ అంటాం, వద్దంటుంది, ఎత్తుకుపోయి చేయిస్తాం. అడగడం ఉత్తుత్తిదేనని పాపకు తెలిసిపోతుంది.

చేతనైన పనికి కూడా ఒక్కోరోజు ‘అమ్మా, నువ్వే వెయ్యి’ అంటారు. జ్వరం వచ్చి తగ్గినప్పుడు, ఇంట్లో కొత్త పాపాయి వచ్చినప్పుడు ఇది మామూలే. చేసిపెట్టండి. నాలుగు రోజులైనా అలాగే ఉంటే ఒక చెప్పు మీరు వేసి, రెండోది వాళ్లకు వదలండి.

మీ ముందున్న పళ్లేల్లో శనగలు, రెండేసి గిన్నెలు ఉన్నాయి. ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు మాట్లాడకుండా పోసి చూపండి, రెండోవారు ఎన్ని కదలికలు చూశారో లెక్కపెట్టండి. తర్వాత మారండి. గింజలు కింద పడితే వేసినవారే ఏరుకోవాలి.