కేసు డిఫాల్ట్‌లో కొట్టేశారా? తిరిగి తెరిపించుకునే దారి ఇదీ

[స్క్రీన్ మీద: డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్]

వాయిదాకి మీరు వెళ్లలేకపోయారు, మీ లాయర్ గారూ కోర్టులో లేరు. ఈ-కోర్ట్స్ యాప్ తెరిస్తే దావా డిస్మిస్ అయినట్టు ఉంది. ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ మీ హక్కు ఉందా లేదా అన్నది కోర్టు ఇంకా తేల్చలేదు. మీరు హాజరు కాలేదని దావా కొట్టేసింది, అంతే. దాన్ని తిరిగి ఫైలు మీదికి తెచ్చుకునే దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9లో ఉంది (ఇక్కడ ఆర్డర్ అంటే కోర్టు ఉత్తర్వు కాదు, ఆ కోడ్‌లో ఒక అధ్యాయం లాంటిది). చెక్ బౌన్స్ లాంటి క్రిమినల్ ఫిర్యాదులకు మాత్రం ఈ దారి పనికిరాదు.

[క్లోజప్: ఆ రోజు ఆర్డర్ కాపీ]

ముందు ఒక్క విషయం చూడండి. ఆ రోజు ప్రతివాది హాజరైనట్టు రాశారా?

ఇద్దరూ రాకపోతే రూల్ 3. అప్పుడు పాత దావానే తెరిపించమని అడగొచ్చు, కాలపరిమితి మిగిలుంటే కొత్తది వేసుకోవచ్చు. ప్రతివాది వచ్చి మీరు రాకపోతే రూల్ 8. చాలామంది నష్టపోయేది ఇక్కడే. "పోతే పోయింది, మళ్లీ వేద్దాం" అనుకుంటారు. అదే వ్యాజ్య కారణం, అంటే దావాకు మూలమైన అదే గొడవ మీద మళ్లీ దావా వేయడానికి రూల్ 9 ఒప్పుకోదు. పాతదాన్నే రెస్టోర్ చేయించుకోవాలి.

రెస్టోర్ చేయమని పిటిషన్ వేయడానికి గడువు 30 రోజులు. మీకు తెలిసిన రోజు నుంచి కాదు, కొట్టేసిన రోజు నుంచి. దాటిపోతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్ జత చేయాలి.

ఇక అసలు ప్రాణం పిటిషన్‌తో పెట్టే అఫిడవిట్‌లో, అంటే ప్రమాణ పత్రంలో ఉంది. "ఆరోగ్యం బాగోలేక రాలేదు" అని ఒక్క ముక్క రాసి దయచేసి వదిలేయకండి. కోర్టుకు కావాల్సింది ఆ వాయిదా రోజు సంగతి. ఆస్పత్రిలో ఉంటే ఆ తేదీ కనిపించే డిశ్చార్జ్ సమ్మరీ పెట్టండి. 2000లో ఒక ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చిన తీర్పు) కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: గైర్హాజరైన ఆ రోజుకు తగిన కారణం ఉందా అన్నదే చూడాలి, అంతకుముందు సంగతులు తవ్వకూడదు. లాయర్ రాకపోవడమే కారణమైతే అదీ దాచకండి. లాయర్ చేసిన తప్పుకి అమాయక కక్షిదారు నష్టపోకూడదని 1981లోనే సుప్రీంకోర్టు అంది. అయితే మీరు కేసు పట్టించుకుంటూనే ఉన్నారని చూపాలి. వాయిదా ఎప్పుడని లాయర్‌కి పెట్టిన మెసేజ్‌లు ఉంటే భద్రం చేసుకోండి.

రూల్ 9 పిటిషన్‌లో ఎదుటివాళ్లకి నోటీసు వెళ్లాకే ఆర్డర్ ఇస్తారు. ఖర్చులు కట్టమంటే చెప్పిన తేదీలోపు కట్టేయండి. పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 కింద అప్పీలు ఉంది.

దావా రెస్టోర్ అయ్యాక ఒకటి మర్చిపోవద్దు. తీర్పుకు ముందే ఎదుటివాళ్ల ఆస్తి జప్తు చేయించి ఉంటే, ఆ జప్తు దానంతటది తిరిగి రాదు. ఆర్డర్ 38 రూల్ 11ఏ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. దానికోసం మళ్లీ పిటిషన్ వేయమని మీ లాయర్ గారిని వెంటనే అడగండి.