న్యాయం మన వైపుంటే ఏమైనా చేయొచ్చా?

మిత్రులారా, నమస్కారం.

ఇజ్రాయెల్, పాలస్తీనాల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు కొంచెం టెన్షన్ పడ్డాను. ఈ విషయం ఎత్తగానే మనలో చాలామంది మాట్లాడేవాడిది ఏ మతం, ఏ పార్టీ అని చూసుకుని, వాడేం చెబుతాడో ముందే తీర్మానించేసుకుంటారు. 2023 అక్టోబర్ 7న గాజాను పాలిస్తున్న సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేశాక మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగిన గొడవలు మీరూ చూసే ఉంటారు. ఒకరు చనిపోయిన ఇజ్రాయెలీ పిల్లల ఫొటో పెడితే, వెంటనే ఇంకొకరు గాజా పిల్లల ఫొటో పెడతారు. ఒక బిడ్డ శవానికి ఇంకో బిడ్డ శవాన్ని జవాబుగా చూపించే స్థితికి మనం ఎలా వచ్చాం? నన్ను కలవరపెట్టిన ప్రశ్న ఇదే, ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తాను. ఒక జాతికి సొంత దేశం కోరుకునే హక్కు ఉందా అన్నది ఒక పద్దు. దానికోసం పోరాడేటప్పుడు ఎవరి మీద ఆయుధం ఎత్తొచ్చు, ఎవరి మీద ఎత్తకూడదు అన్నది ఇంకో పద్దు. మొదటి పద్దులో ఎంత మిగులున్నా తెచ్చి రెండో పద్దులో జమ వేసుకోవడం కుదరదు. యుద్ధంలో పౌరులను, బందీలను ఎలా చూడాలో చెప్పే 1949 జెనీవా ఒప్పందాలు కూడా ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. యుద్ధం ఎవరు మొదలుపెట్టారు, ధర్మం ఎవరిది అన్నదానితో పని లేకుండా ఆ నియమాలు ఇరుపక్షాలకూ ఒకేలా వర్తిస్తాయి. ఈ పోరాటంలో రెండు పక్షాలూ పదే పదే చేసింది మాత్రం ఆ రెండు పద్దుల్నీ కలిపేయడం.

మొదటి పద్దు సంగతి చూద్దాం. యూదులకు దేశం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఏవియాన్‌లో జరిగిన సమావేశం గుర్తు చేసుకోవాలి. హిట్లర్ పాలన నుంచి పారిపోతున్న యూదులకు ఎవరు చోటిస్తారని అడగడానికి 32 దేశాలు కూర్చున్నాయి. డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు అందరూ సానుభూతి చెప్పి తలుపులు మూసేశారు. ఆ తర్వాత ఏడేళ్లలో అరవై లక్షల మందిని చంపేశారు. మమ్మల్ని కాపాడే రాజ్యం మాకొకటి ఉండి తీరాలని వాళ్లు అనుకోవడంలో తప్పేముందో నాకైతే కనిపించదు.

కానీ ఆ దేశం ఏర్పడిన చోట అప్పటికే మనుషులున్నారు. 1917 నవంబర్ 2న పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడటానికి మద్దతిస్తామని బ్రిటన్ బాల్ఫోర్ ప్రకటన చేసినప్పుడు అక్కడి జనంలో అరబ్బులే అత్యధికం, 1922 జనాభా లెక్కల్లో యూదులు 11 శాతమే. ఆ ప్రకటనలో అరబ్బులన్న పేరు కూడా లేదు, 'యూదేతర సమాజాలు' అని రాసి ఊరుకున్నారు, వాళ్లకు పౌర, మత హక్కులు ఉంటాయన్నారు తప్ప రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. 1947లో ఐక్యరాజ్యసమితి విభజన ప్రణాళిక వచ్చేసరికి యూదులు మూడోవంతు అయ్యారు, ప్రణాళిక వాళ్లకు సగానికి పైగా భూమి ఇచ్చింది. భారతదేశం దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. అరబ్ పక్షం ఒప్పుకోలేదు, యుద్ధం వచ్చింది, ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలిపోయారు, చాలామందిని తరిమేశారు, తిరిగి రానివ్వలేదు. వాళ్లు దాన్ని నక్బా, అంటే మహావిపత్తు, అంటారు. యూరప్ చేసిన నేరానికి మూల్యం పాలస్తీనా పల్లెలు చెల్లించాయి. ఆ తర్వాతి ఏళ్లలో అరబ్ దేశాల నుంచి దాదాపు ఎనిమిది లక్షల మంది యూదులు వెళ్లిపోవాల్సి రావడం కూడా చరిత్రే, దాన్నీ ఎవరూ దాచకూడదు. కానీ ఇరాక్‌లో యూదులకు జరిగిన అన్యాయానికి ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇల్లు పోగొట్టుకున్న అరబ్బు ఎలా బాధ్యుడవుతాడు?

మీరు అసలు జాతే కాదు అన్న వాదన రెండు వైపులా నడిచింది. పాలస్తీనా విమోచన సంస్థ పీఎల్‌వో 1968 చార్టర్‌లో యూదత్వం మతమే తప్ప జాతి కాదని రాశారు. మరుసటి ఏడాదే ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయిర్ పాలస్తీనీయులు అంటూ ఎవరూ ఉండేవారు కారని ఒక బ్రిటిష్ పత్రికకు చెప్పారు. ఒక జనం తమను తాము జాతిగా భావించి, తరతరాలుగా దానికోసం కష్టపడుతుంటే, బయటి నుంచి ఎవరో వచ్చి మీరు జాతి అవునా కాదా అని సర్టిఫికెట్ ఇవ్వడమేమిటి? నా లెక్కలో ఇద్దరూ జాతులే, ఇద్దరికీ ఆ నేల మీద హక్కుంది. మూడు వేల ఏళ్ల నాడు ఎవరుండేవారు, ఏడో శతాబ్దంలో ఎవరొచ్చారు అనే తవ్వకాల మీద నాకు ఆసక్తి లేదు. ఇవాళ జోర్డాన్ నదికీ సముద్రానికీ మధ్య యూదులు ఎంతమందో పాలస్తీనీయులు సుమారుగా అంతమందే ఉన్నారు, వీళ్లలో ఎవరూ ఎక్కడికీ పోరు.

ఇప్పుడు రెండో పద్దుకు వస్తాను. దీనికి ఒక ఊరి కథ చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నకు ఇజ్రాయెల్ కోర్టే ఒకసారి గట్టి జవాబిచ్చింది.

ఊరి పేరు కఫ్ర్ కాసిం. ఇజ్రాయెల్ సరిహద్దు లోపలే ఉన్న అరబ్ ఊరు, అక్కడివాళ్లు ఇజ్రాయెల్ పౌరులే, అయినా 1966 దాకా అలాంటి ఊళ్లు సైనిక పాలన కింద ఉండేవి. 1956 అక్టోబర్ 29న ఈజిప్టు మీద యుద్ధం మొదలైంది. ఆ రోజు సరిహద్దు ఊళ్లలో కర్ఫ్యూని సాయంత్రం ఐదు గంటలకే మొదలుపెట్టాలని నిర్ణయించారు. ఆ సంగతి ఊరి పెద్దకు చెప్పింది నాలుగున్నరకి. పొలాలకు, పనులకు వెళ్లిన వాళ్లు వందలమంది ఉన్నారు, వాళ్లకు ఈ కబురు ఎలా తెలుస్తుందని ఆయన అడిగితే, వాళ్లను ఏమీ చేయంలే అన్నారు. ఐదు గంటల తర్వాత పని నుంచి సైకిళ్ల మీద, లారీల మీద, నడిచి వస్తున్నవాళ్లను సరిహద్దు పోలీసులు ఆపి కాల్చేశారు. గంటలో దాదాపు యాభై మంది, అందులో ఆడవాళ్లు, పిల్లలు కూడా. కర్ఫ్యూలో బయట కనిపిస్తే కాల్చేయమన్న అదే ఆదేశం అందుకున్న పక్క ఊళ్లలో కొందరు అధికారులు మాత్రం కాల్పులు జరపకుండా జనాన్ని ఇళ్లకు పోనిచ్చారు. ఈ ఒక్క సంగతి చాలు, వేరే దారి లేదు అన్న సాకు కూలిపోవడానికి.

ప్రభుత్వం వార్త బయటికి రాకుండా సెన్సార్ చేసింది. తౌఫీక్ తూబి, మేయిర్ విల్నర్ అనే ఇద్దరు కమ్యూనిస్టు ఎంపీలు, ఒకరు అరబ్బు, ఒకరు యూదు, పట్టుబట్టి ఆ ఊరికి వెళ్లి విషయాన్ని బయటపెట్టారు. విచారణ జరిగింది. పోలీసులు పై ఆదేశాన్ని పాటించామన్నారు. 1958లో జడ్జి బెంజమిన్ హలేవీ ఆ వాదనను తోసిపుచ్చారు. కొన్ని ఆదేశాల మీద 'ఇది నిషిద్ధం' అని హెచ్చరిస్తూ ఒక నల్ల జెండా ఎగురుతూ ఉంటుందని, అది చూడటానికి న్యాయశాస్త్రం చదవక్కర్లేదని, కన్ను గుడ్డిదీ గుండె రాయీ కానివాడికి ఎవరికైనా కనిపిస్తుందని ఆ తీర్పు సారాంశం. హలేవీ జర్మనీలో పుట్టి 1933లో అక్కడి నుంచి వచ్చేసిన యూదుడు. మూడేళ్ల తర్వాత నాజీ అధికారి అయిష్‌మన్‌ను విచారించిన ముగ్గురు జడ్జిల్లో ఆయన ఒకరు. ఆదేశాలు పాటించానన్న జవాబు నాజీకి పనికిరానప్పుడు తన సొంత దేశపు పోలీసుకూ పనికిరాదని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. నైతికత అంటే నాకు తెలిసినంతలో ఇదే.

తీర్పు గొప్పదే, ఆ తర్వాత జరిగింది గొప్పది కాదు. శిక్షలు తగ్గించుకుంటూ వచ్చి 1960 నాటికి అందరినీ వదిలేశారు. ఆ కర్ఫ్యూ ఆదేశమిచ్చిన బ్రిగేడ్ కమాండర్ ఇషాయ్ షద్మీకి విడిగా జరిగిన విచారణలో పడిన శిక్ష పది ప్రుటాల జరిమానా, అంటే చిల్లర పైసలు. ఆ నల్ల జెండా మాటను మాత్రం ఇజ్రాయెల్ సైనికులకు ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

2023 డిసెంబర్ 15న గాజాలోని షుజాయియాలో ముగ్గురు మగవాళ్లు చొక్కాలు లేకుండా, కర్రకు తెల్లగుడ్డ కట్టుకుని బయటికొచ్చారు. ఇజ్రాయెల్ సైనికులు కాల్చారు. ఇద్దరు అక్కడికక్కడే పోయారు, మూడోవాడు గాయంతో భవనంలోకి పరిగెత్తి, హీబ్రూలో సాయం కోసం అరిచి, మళ్లీ బయటికొస్తే కాల్పులు ఆపమన్న ఆదేశం ఉన్నా కాల్చేశారు. ఆ ముగ్గురూ హమాస్ ఎత్తుకెళ్లిన ఇజ్రాయెలీ బందీలే. సైన్యమే విచారించి ఈ సంగతులు ప్రకటించింది. తెల్లజెండాతో వచ్చింది గాజా వాళ్లే అయినా కాల్చకూడదని సైన్యాధిపతి తన సైనికులకు చెప్పాడు. నన్ను వేధించేది ఒక్కటే. ఆ ముగ్గురూ నిజంగా గాజా మనుషులే అయ్యుంటే మనకు వాళ్ల సంగతి తెలిసేదా?

అక్టోబర్ 7 గురించి కూడా ఇంతే సూటిగా మాట్లాడాలి. ఆ రోజు హమాస్, దాని వెంట వచ్చినవాళ్లు దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని ఎత్తుకెళ్లారు. చనిపోయిన వాళ్లలో వ్యవసాయం నేర్చుకోవడానికి వెళ్లిన పదిమంది నేపాలీ విద్యార్థులున్నారు, థాయ్‌లాండ్ కూలీలున్నారు. గాజా సరిహద్దు దగ్గరి ఇజ్రాయెల్ ఊరు బెయేరీలో చనిపోయిన వివియన్ సిల్వర్ వయసు 74, శాంతి కోసం పనిచేసే మహిళల సంస్థను స్థాపించిన వాళ్లలో ఒకరు, గాజా రోగులను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు కారులో చేరవేసిన మనిషి. ఆక్రమణ కింద ఉన్న జనానికి ఎదిరించే హక్కు ఉందంటాను, గట్టిగానే అంటాను, కానీ ఇంట్లో దాక్కున్న కుటుంబాన్ని కాల్చడం ఏ ఎదిరింపులోకీ రాదు. ఇజ్రాయెలీలంతా సైన్యంలో పనిచేసినవాళ్లే కదా, పౌరులెవరు అనే వాదన నేనూ విన్నాను. గాజా వాళ్లంతా హమాస్‌కు ఓటేశారు కదా అనే వాదనకు అది కవల. హమాస్ గెలిచిన ఎన్నిక 2006 నాటిది, వచ్చిన ఓట్లు 44 శాతం, ఇవాళ గాజా జనంలో సుమారు సగం మంది పిల్లలు. వాళ్లెప్పుడు ఓటేశారు?

ఇజ్రాయెల్‌కు హమాస్‌తో పోరాడే హక్కు, బందీలను విడిపించుకునే హక్కు ఉన్నాయి. అక్టోబర్ 9న రక్షణమంత్రి యోవ్ గలాంట్ పూర్తి దిగ్బంధం ప్రకటించి, కరెంటు ఉండదు, తిండి ఉండదు, ఇంధనం ఉండదు అన్నప్పుడు అది హమాస్ మీద పోరాటం అనే గీత దాటిపోయింది. 365 చదరపు కిలోమీటర్ల నేల, ఇరవై లక్షలకు పైగా జనం, అందులో ఎక్కువమంది 1948 శరణార్థుల సంతానమే. 2025 మార్చి నుంచి మళ్లీ దాదాపు పదకొండు వారాలు ఏ సరుకూ లోపలికి పోనివ్వలేదు, ఆగస్టులో గాజా నగర ప్రాంతంలో కరువు ఉందని ఆకలి తీవ్రతను అంచనా వేసే, ఐక్యరాజ్యసమితి మద్దతున్న ఐపీసీ అనే వ్యవస్థ ప్రకటించింది, ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ నాటికి గాజా ఆరోగ్యశాఖ చెప్పిన మృతుల సంఖ్య 67 వేలు దాటింది. ఆ లెక్క సాయుధులను, పౌరులను వేరు చేయదు, నిజమే, కానీ అందులో వేల సంఖ్యలో పిల్లలున్నారు. హమాస్ ఇళ్ల కింద, ఆసుపత్రుల దగ్గర సొరంగాలు తవ్వడం నేరమే. ఒకడు చేసిన నేరం వల్ల రెండోవాడి బాధ్యత రద్దు కాదు. పసిపిల్ల పాలడబ్బా ఆపడానికి ఏ సొరంగమూ కారణం కాలేదు.

అధికారం ఎవరి చేతిలో ఉందో చెప్పకుండా రెండు పక్షాలూ రెండు పక్షాలూ అంటే అది కూడా ఒక రకమైన అబద్ధమే. 1993 ఓస్లో శాంతి ఒప్పందం సమయంలో పీఎల్‌వో నాయకుడు అరాఫత్ ఇజ్రాయెల్ ఉనికిని గుర్తించారు, ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ పీఎల్‌వోను పాలస్తీనీయుల ప్రతినిధిగా గుర్తించారు తప్ప పాలస్తీనా రాజ్యాన్ని కాదు. అప్పటికి, 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో లక్ష చిల్లర ఉన్న యూదు సెటిలర్లు తూర్పు జెరూసలేంను కలపకుండానే ఇవాళ ఐదు లక్షలు దాటారు. పక్కపక్క కొండల మీద ఉండే ఇద్దరిలో యూదు సెటిలర్‌కు సివిల్ కోర్టు, పాలస్తీనీయుడికి సైనిక కోర్టు. అక్కడ సెటిలర్లను పెట్టడమే తప్పని 1967 సెప్టెంబర్‌లోనే ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరాన్ రహస్య నోట్‌లో రాశారు, ఆక్రమిత ప్రాంతంలో పౌరులను స్థిరపరచడం నాలుగో జెనీవా ఒప్పందానికి విరుద్ధమని. పోలండ్‌లో నాజీల లేబర్ క్యాంపు నుంచి బతికి బయటపడ్డవాడాయన. 2024లో నెతన్యాహు, గలాంట్, హమాస్ నాయకుల మీద వారెంట్లు కోరే ముందు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ సంప్రదించిన నిపుణుల్లో కూడా ఆయన ఉన్నారు. ఇజ్రాయెల్‌ను తప్పుపడితే యూదులను ద్వేషించినట్టే అనేవాళ్లకు హలేవీని, మెరాన్‌ను చూపించండి. యూదులను ద్వేషించడానికి పాలస్తీనాను సాకుగా వాడేవాళ్లకూ వాళ్లనే చూపించండి.

మనకేం సంబంధం అంటారా, ఉంది. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లు ఏళ్లుగా ఇజ్రాయెల్‌లో పనిచేస్తున్నారు, వాళ్ల ఇళ్లలో ఆ నెలలన్నీ ఎంత భయంగా గడిచాయో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. యుద్ధం మొదలయ్యాక పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, ఆ ఖాళీల్లోకి మన దేశం నుంచి వేలమందిని తీసుకున్నారు, హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. పొట్టకూటికి పోయేవాళ్లను నేనొక్క మాట అనను, కానీ ఆ ఉద్యోగం ఎవరి నోటి దగ్గర నుంచి వచ్చిందో పంపే ప్రభుత్వాలకు తెలియాలి. ఇక 1988లో పాలస్తీనా రాజ్యాన్ని మొదట్లోనే గుర్తించిన దేశం మనది. అదే దేశం 2025 జూన్ 12న గాజాలో కాల్పుల విరమణ కోరిన ఐక్యరాజ్యసమితి తీర్మానానికి 149 దేశాలు ఓటేస్తే, ఓటింగ్‌కు దూరంగా ఉన్న 19 దేశాల్లో ఒకటిగా కూర్చుంది. మీ ఎంపీ ఏ పార్టీ అయినా సరే, ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఆ ఓటు సంగతి అడగండి. అడిగేటప్పుడు బందీల కుటుంబాల పేరు, గాజా కుటుంబాల పేరు రెండూ ఎత్తి అడగండి.