రౌటర్ రివ్యూ: బయటి నుంచి కనెక్ట్ అయితే ఏ అడ్రస్ ఇస్తుంది?

నమస్కారం అండి, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ రౌటర్‌ని రివ్యూ కోసం కంపెనీ వాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. వైఫై స్పీడు, యాంటెనాల సంగతి మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. మూడు వారాలుగా నేను పట్టుకు కూర్చున్నది ఒక్క వీపీఎన్ పేజీనే. వీపీఎన్ అంటే బయట ఎక్కడో ఉండి కూడా నెట్ ద్వారా మన షాపు నెట్‌వర్క్‌లోకి రావడానికి వేసే రహస్య దారి.

మా షాపు లెక్కలు చూసేది మా బావగారు. ఉండేది పాతపట్నంలో. సరిహద్దు దాటితే వాళ్ల ఊరే, కానీ అది ఆంధ్ర, ఇది ఒడిశా. 2023లో రథయాత్ర జూన్ 20న వచ్చింది. జీఎస్టీ 3బీ రిటర్న్‌కి ఆఖరి తేదీ కూడా 20. బిల్లింగ్ కంప్యూటర్ ఆన్‌లో ఉంచి, షాపుకి తాళం వేసి మేమంతా రథం దగ్గరికి వెళ్లిపోయాం. బావగారు ఇంట్లోంచి వీపీఎన్ పెట్టారు. కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది. మా బిల్లింగ్ కంప్యూటర్ అడ్రస్ 192.168.1.10 కొడితే మాత్రం అది రాదు. "ఏంట్రా, ఏమీ తెరుచుకోవట్లేదు" అని ఒకటే ఫోన్లు. చివరికి బండి మీద వచ్చి, ఆ జనంలో నన్ను వెతుక్కుని తాళాలు తీసుకెళ్లారు.

కారణం నాకు తర్వాత తెలిసింది. మా షాపులోనూ అడ్రస్‌లు 192.168.1తోనే మొదలు, వాళ్లింట్లోనూ 192.168.1తోనే. వాళ్ల లాప్‌టాప్ ఆ అడ్రస్‌ని తన ఇంట్లోనే వెతుక్కుంది, వీపీఎన్ వైపు పంపనే లేదు. రెండు ఊళ్లలో ఒకే వీధి పేరు, ఒకే డోర్ నంబర్ ఉంటే ఉత్తరం పక్కూరు దాకా ఎందుకు వెళ్తుంది?

మా షాపులోని ఆ పాత రౌటర్‌లో పీపీటీపీ అనే పాతకాలపు వీపీఎన్ పద్ధతి ఉండేది. భద్రతపరంగా దాన్ని ఇప్పుడు ఎవరూ వాడకూడదు. పైగా ఎవరు ముందు కనెక్ట్ అయితే వాళ్లకి మొదటి అడ్రస్ ఇచ్చేది. నిన్న బావగారిది, ఇవాళ కెమెరాలు చూసే కుర్రాడిది. ఇక ఎవరికి దేనికి అనుమతి ఇవ్వాలి?

ఈ రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే కొత్త వీపీఎన్ పద్ధతి ఉంది. అందులో కనెక్ట్ అయ్యాక అడ్రస్ పంచడం అనేది లేదు. ఎవరి సెట్టింగ్స్ ఫైల్‌లో వాళ్ల అడ్రస్ ముందే రాసి ఉంటుంది. బావగారికి 10.47.0.2, కెమెరాల కుర్రాడికి 10.47.0.3. ఎప్పుడు కనెక్ట్ అయినా అవే. అందుకే బావగారు బిల్లింగ్ కంప్యూటర్ దాకా, ఆ కుర్రాడు కెమెరాల దాకా మాత్రమే వెళ్లేలా ఫైర్‌వాల్‌లో, అంటే ఎవర్ని రానివ్వాలో చూసే రౌటర్ కాపలాదారులో, రాసుకోగలిగాను. నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. పరీక్షిద్దామని వీపీఎన్‌కి కూడా షాపు నెట్‌వర్క్ అడ్రస్‌లే ఇస్తే, రెండూ కలిసిపోతున్నాయని ఎర్ర అక్షరాల్లో చెప్పి సేవ్ చేయనివ్వలేదు. నాకెంత సంతోషం వేసిందో!

అంత తెలివైన రౌటర్ పెట్టెలోంచి తీయగానే మళ్లీ 192.168.1.1తోనే వస్తుంది. ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. ఇళ్లకీ షాపులకీ వాడుకోమని 10, 172.16 నుంచి 172.31, 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు 1996 నుంచీ ఉన్నాయి. అన్ని ఉండగా అందరికీ అదే ఎందుకు? షాపు నెట్‌వర్క్‌ని 192.168.47కి మార్చుకునేసరికి ప్రింటర్, కెమెరాలు అన్నీ మళ్లీ సెట్ చేయాల్సి వచ్చి ఒక పూట పోయింది.

కొనే ముందు మీ ఇప్పటి రౌటర్‌లో వాన్ (WAN) అడ్రస్, అంటే నెట్ ఇచ్చేవాళ్ల వైపు నుంచి రౌటర్‌కి వచ్చే అడ్రస్ చూడండి. 100తో మొదలై, చుక్క తర్వాత వచ్చే రెండో సంఖ్య 64 నుంచి 127 మధ్యలో ఉంటే, ఆ అడ్రస్ మీ ఒక్కరిదే కాదు, బయటి నుంచి నేరుగా మీ దగ్గరికి రాలేరు. ముందు నెట్ ఇచ్చేవాళ్లని పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకోగల అడ్రస్ అడగండి. మేం స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని పబ్లిక్ అడ్రస్ తీసుకున్నాం.

ఇంట్లో ఫోన్లకి వైఫై చాలనుకుంటే దీనికి ఇంత పెట్టొద్దు. బయటి నుంచి ఎవరైనా మీ కంప్యూటర్‌లో పని చేయాల్సి ఉంటే మాత్రం తప్పకుండా తీసుకోండి. మా షాపులో పాతది తీసేసి దీన్నే బిగించాను. మొన్నటి రిటర్న్ బావగారు పాతపట్నంలో కూర్చునే వేసేశారు.