అన్నది ఒకరు, పడ్డది మరొకరు

(గుంటూరు బ్రాడీపేటలో పాస్టర్లు, ఇమాంలు, యువకులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పాస్టర్లకు, ఇమాం సాబ్‌లకు, ముందు వరసల్లోని అక్కచెల్లెళ్ళకు, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళకు నమస్కారం. సలాం. వందనాలు.

నన్ను పిలిచినవాళ్ళు, 'అన్ని మతాలూ ఒక్కటే చెప్తాయి కదా, దాని మీద నాలుగు ముక్కలు మాట్లాడండి' అన్నారు. ఆ పని నాకు చేతకాదు. యేసు దేవుని కుమారుడని క్రైస్తవుల నమ్మకం. అదే యేసుని ముస్లింలు ఈసా అంటారు; ఆయన గొప్ప ప్రవక్త అని, దేవుడికి కొడుకులు ఉండరని వాళ్ళ నమ్మకం. సిలువ మీద చనిపోయాడని వీళ్ళంటే, చనిపోలేదని వాళ్ళంటారు. ఇవేమీ చిన్న తేడాలు కావు. మా ఇల్లు లూథరన్ క్రైస్తవుల ఇల్లు. మా వీధి చివర మసీదు. ఈ తేడా మాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. తెలిసే ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్తున్నాం. కాబట్టి తేడాని పక్కన పెట్టి, గొడవ ఎక్కడ పుడుతోంది, పుట్టాక ఎవరి నెత్తిన పడుతోంది అన్నది చూద్దాం.

2002 అక్టోబరు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. జెర్రీ ఫాల్వెల్ అని పేరుమోసిన బాప్టిస్టు పాస్టరు ఒక టీవీ ఇంటర్వ్యూలో ముహమ్మద్ ప్రవక్తను ఉగ్రవాది అన్నాడు. ఒక్క మాట. దానికి నిరసనగా మన దేశంలో, మహారాష్ట్రలోని షోలాపూర్‌లో బంద్ పిలిచారు. షోలాపూర్ అంటే మనకి పరాయి ఊరు కాదు. మన పద్మశాలీలు తరాల కిందట వెళ్ళి మగ్గాలు వేసుకున్న ఊరు, పేటల్లో ఇప్పటికీ తెలుగు వినపడే ఊరు. బంద్ కాస్తా హిందువులకూ ముస్లింలకూ మధ్య కొట్లాట అయింది. కర్ఫ్యూ పెట్టారు. మనుషులు పోయారు. అన్నవాడు క్రైస్తవుడు, కొట్టుకున్న రెండు పక్షాల్లోనూ క్రైస్తవుడు లేడు! ఆ వారాంతంలోనే ఫాల్వెల్ క్షమాపణ చెప్పాడు. షోలాపూర్‌లో పోయినవాళ్ళకి అది వినపడలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు అన్నది టీవీలు లేని రోజుల్లో.

ఇంకొకటి చెప్తాను. ఇక్కడ మాట్లాడినాయన నోటి దురుసు మనిషి కాదు, మహా పండితుడు. 2006 సెప్టెంబరు 12న పోప్ 16వ బెనెడిక్ట్ జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ యూనివర్సిటీలో ఉపన్యాసం ఇచ్చారు. ఒకప్పుడు ఆయన పాఠాలు చెప్పిన యూనివర్సిటీయే. విషయం విశ్వాసం, వివేకం. ఆ ఉపన్యాసంలో 14వ శతాబ్దం నాటి బైజాంటిన్ (తూర్పు రోమన్) క్రైస్తవ చక్రవర్తి రెండో మనుయేల్ ఇస్లాం గురించి అన్న కటువైన మాట ఒకటి ఉదహరించారు. ఆ మాట కటువైనదని ఆయనే చెప్పారు కూడా. ఉపన్యాసం మొత్తం ఎవరికీ పట్టలేదు, ఆ ఒక్క వాక్యమే ప్రపంచమంతా తిరిగింది. పాలస్తీనాలో నాబ్లస్ ఊళ్ళో చర్చిల మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. ఏ చర్చిలనుకున్నారు? ఒకటి ఆంగ్లికన్, ఒకటి గ్రీకు ఆర్థడాక్స్. వాళ్ళు పోప్ కింద ఉండేవాళ్ళే కాదు! అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఇదే. ఆ ఉపన్యాసమైన ఐదో రోజున సోమాలియా రాజధాని మొగదిషులో సిస్టర్ లియొనెల్లా స్గోర్బాటి అనే ఇటలీ నన్‌ని కాల్చి చంపారు. అక్కడి పిల్లల ఆస్పత్రిలో నర్సులకు ట్రైనింగ్ ఇచ్చేది ఆమె. ఈ కోపమే ఆమె ప్రాణం తీసిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

దీంట్లోనే మంచి ముక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ షేర్ చెయ్యరు. ఆ అక్టోబరులో 38 మంది ముస్లిం పండితులు పోప్‌కి బహిరంగ లేఖ రాశారు. మీరు అన్నదాంట్లో ఇక్కడ పొరపాటు ఉంది, ఇక్కడ ఖురాన్ ఇలా అంటుంది అని పాయింటు పాయింటుగా జవాబు చెప్పారు. మరుసటి ఏడాది 138 మంది కలిసి, దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం ఇద్దరికీ ఉమ్మడి అంటూ ఇంకో లేఖ పంపారు. ఈలోగా 2006 నవంబరులో పోప్ ఇస్తాంబుల్ వెళ్ళి బ్లూ మసీదులో నిలబడి మౌనంగా ప్రార్థించారు. మాటకి మాటతో జవాబు. నాకు తెలిసి మర్యాద అంటే అదీ.

రెండు వైపులా మతపెద్దల నోళ్ళు కలిస్తే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాలో ఫ్లోరిడాలో టెర్రీ జోన్స్ అని ఒక పాస్టరు. ఆయన సంఘం మహా అయితే ఓ యాభై మంది. మన దగ్గర ఇంట్లో పెట్టుకునే కాటేజీ ప్రార్థన మీటింగుకే అంతకన్నా ఎక్కువమంది వస్తారు. 2011 మార్చిలో ఆ చర్చిలో ఖురాన్ తగలబెట్టారు. ఏప్రిల్ 1, శుక్రవారం, ఆఫ్ఘనిస్తాన్‌లోని మజారె షరీఫ్‌లో నమాజు తర్వాత ముల్లాలు జనాన్ని రెచ్చగొట్టారు. గుంపు వెళ్ళి ఐక్యరాజ్యసమితి ఆఫీసు మీద పడింది. అక్కడ పనిచేసే ఏడుగురు విదేశీయుల్ని చంపారు. అందులో నలుగురు నేపాలీ గార్డులు. పొట్టకూటి కోసం వచ్చి గేటు దగ్గర నిలబడ్డ మనుషులు. ఫ్లోరిడా ఎక్కడ, నేపాల్ ఎక్కడ?

ఇక మన సంగతి. మనకి టీవీ కూడా అక్కర్లేదు, జేబులోనే స్టూడియో ఉంది. ఈమధ్య తెలుగులో క్రైస్తవ ముస్లిం డిబేట్ల వీడియోలు తెగ నడుస్తున్నాయి. తంబ్‌నెయిల్ చూడండి. ఒక పక్క కోటు వేసుకున్న పాస్టరు, ఇంకో పక్క టోపీ పెట్టుకున్న మౌల్వీ, మధ్యలో మంటలు, ఎర్ర బాణం గుర్తు, 'దిమ్మతిరిగే జవాబు', 'నోరు మూయించాడు' అని పసుపు రంగు అక్షరాలు. లోపల గంటన్నర వీడియోలో ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకుని ఉండొచ్చు. వాట్సాప్‌లోకి వచ్చేది మాత్రం నలభై సెకన్ల ముక్క. ఆ ముక్క చూసి పాత గుంటూరులో ఒక కుర్రాడికి ఒళ్ళు మండుతుంది. వాడి కోపం ఎవరి మీద చూపిస్తాడు? మాట్లాడినాయన ఏ హైదరాబాదులోనో ఉంటాడు. వీడికి అందేది పక్క షాపువాడే.

పాస్టర్లతో, మౌల్వీలతో ఒక మాట, కాస్త కటువుగానే చెప్తాను. 'నేను అలా అనలేదు, కట్ చేశారు' అన్న సమాధానం ఇక చెల్లదు. కట్ చేస్తారని మీకు తెలుసు. తెలిసీ చప్పట్ల కోసం ఎదుటి మతం మీద ఒక జోకు వేశారంటే, ఆ జోకు ఖర్చు మీ సంఘస్థుడో, మీ జమాత్‌లో పేదవాడో కడతాడు. చట్టం ఉంది కదా అంటారు. నిజమే, కావాలని ఒక మతాన్ని అవమానించడం నేరమనే 295ఎ సెక్షన్ 1927లోనే వచ్చింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. కేసు పెట్టేది గొడవయ్యాకే కదా.

మతపెద్ద మాట నిప్పు పెట్టగలిగితే, ఆర్పగలదు కూడా. 2019లో శ్రీలంకలో ఈస్టర్ ఆదివారం నాడు ఇస్లామిక్ తీవ్రవాదులు చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేల్చారు. రెండు వందల యాభై మందికి పైగా పోయారు. నెగొంబో చర్చిలో అయితే శవాలే శవాలు. రెండు వారాలకి అదే ఊళ్ళో ముస్లింల ఇళ్ళ మీద, షాపుల మీద దాడులు మొదలయ్యాయి. అప్పుడు అక్కడి కాథలిక్కుల పెద్ద, కొలంబో కార్డినల్ మాల్కం రంజిత్ గారు బయటికొచ్చి, ఏ ఒక్క ముస్లిం మీదా చెయ్యి వెయ్యొద్దని తన విశ్వాసులకి చెప్పారు. అంతటితో ఆగలేదు, గొడవ చల్లారేదాకా ఆ ప్రాంతంలో మందు షాపులు మూసెయ్యమని ప్రభుత్వాన్ని అడిగారు. ఈ రెండో మాటే నాకు ముచ్చటేసింది. జనం ఎలా ఉంటారో తెలిసిన మనిషి మాట అది. చావులు జరిగింది తన చర్చిలో, మాట్లాడింది మాత్రం ఎదుటివాళ్ళ ఇళ్ళ కోసం.

ఇంత జాగ్రత్తగా ఉంటే ఇక సువార్త ఎలా చెప్తాం, దావా (ఇస్లాంలోకి ఆహ్వానం) ఎలా చేస్తామని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. బాగా చెప్పొచ్చు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చింది 1842లో. అప్పట్నుంచీ ఇక్కడ సువార్త ఆగలేదు. అంతకు ముందు నుంచీ ఇక్కడ అజాన్ ఆగలేదు. మీ నమ్మకం మీరు గట్టిగా చెప్పండి. ఎదుటివారి నమ్మకం తప్పని కూడా చెప్పండి, ఎందుకు తప్పనుకుంటున్నారో కారణం చెప్పండి. ఖురాన్‌లో పేరు పెట్టి చెప్పిన ఒకే ఒక్క స్త్రీ యేసు తల్లి మరియమ్మ, ఆమె పేరుతో ఒక సూరా, అంటే అధ్యాయం, మొత్తం ఉంది. ఈ సంగతి ఎంతమంది పాస్టర్లు తమ సంఘంలో చెప్పారో చేతులెత్తండి అంటే ఇప్పుడు నాకు ఇబ్బంది, మీకూ ఇబ్బంది. వదిలేద్దాం.

నేను అడిగేది ఒకటే పని. బయట ఒక రిజిస్టరు పెట్టించాను. వెళ్ళేముందు ప్రతి పాస్టరు గారూ, ప్రతి ఇమాం గారూ తమ ఫోన్ నంబరు రాయండి. రేపు ఏదైనా క్లిప్ తిరిగితే, శుక్రవారం బయాన్‌లోనో ఆదివారం వాక్యంలోనో దాని గురించి ఎత్తేముందు అవతలివాళ్ళకి ఫోన్ చెయ్యండి. పూర్తి వీడియో తెప్పించుకుని చూడండి. చూశాక కూడా అది తప్పే అనిపిస్తే, తప్పని ఇద్దరూ కలిసి చెప్పండి. మా కుర్రాళ్ళు ఆ రిజిస్టరు దగ్గర పెన్నుతో నిలబడి ఉన్నారు.